పోత విగ్రహము

తిరుమల ఆలయ మహాద్వారమును దాటి లోనికేగువారికి కుడిప్రక్క మండపమున శ్రీకృష్ణదేవరాయలును, ఆయన దేవేరులగు తిరుమలదేవియు, చిన్నాదేవియు చేతులు జోడించి నిలిచియున్న లోహప్రతిమలు కానవచ్చును. మన ప్రాంతమువారు పలువురు వానిని చూచియుందురు. లోహమున కట్టి రూపమెట్లు కలుగునో విచారించినవారు మాత్రము కొలదిమందియే. రేకును కొట్టి మలచుట యొక మార్గము. కరగించి పోతపోయుట మరియొకటి. ఈ రెండవదానిని మేమిచట వివరింపదలచితిమి.

శిల్పి మొదట తేనెమైనమును గుగ్గిలముతో కలిపి కాచి, ఆ ముద్దతో బొమ్మను చేయును. నగలు, వస్త్రపు మడతలు మొదలగునవి చాలవరకు మైనమునందే తీర్పవలెను. లోహము పోయుటకును, గాలి వెడలుటకును మార్గములుగా మైనపు కడ్డీల నతికించును. పిదప మెత్తని ఒండ్రుమట్టిని పలుచగా పూసి నీడ నారబెట్టును. తొలిపూత యెంత మెత్తనిదైన విగ్రహ మంత నునుపుగా వచ్చును. ఆపైన ఇసుక కలిపిన ముతకమట్టిని దట్టముగా మెత్తి, ఇనుపతీగతో బిగించును.

ఈ అచ్చును మంటపై కాల్చగా మైనము కరగి కారిపోవును. బొమ్మ యున్నచోట శూన్యము మిగులును. ఎంత లోహము కావలెనో తెలియుటకై మైనమును ముందే తూచుదురు. రాగి మైనముకంటె సుమారు 9 రెట్లు బరువైనది. ఇట్లు తూచుట 12వ శతాబ్దమున చాళుక్యరాజగు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమునందును చెప్పబడినది.

కంచు అనగా రాగియు తగరమును కలిసిన లోహము. రాగి కరగుటకు 1085 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. తగరము చేరినచో అంతకంటె తక్కువ వేడికే కరగి, సన్నని సందులలోనికి సులభముగా ప్రవహించును. అచ్చులో తేమ మిగిలెనా, అది ఆవిరియై మరుగు లోహమును పోయువారిమీదికే చిమ్మును. గాలి చిక్కెనా, చేయియో ముక్కో నిండదు. కావున అచ్చు వేడిగా నున్నపుడే, ధార తెగకుండ పోయుదురు. చల్లారిన పిదప అచ్చును పగులగొట్టి, కడ్డీలను కోసి, ఆకురాయితోను ఉలితోను మెరుగుపెట్టుదురు. అచ్చొక్కటి, విగ్రహమొక్కటి.

ఒక పనిచోట మేము వృద్ధశిల్పి నొకని, "అయ్యా, చేయి నిండకపోయిన నేమి చేయుదురు?" అని యడిగితిమి. ఆయన నవ్వి, "మరల కరగింతుము బాబూ. లోహ మెక్కడికిని పోదు. పోవునది మా నెలదినముల పని. మరల మైనముతోనే మొదలుపెట్టవలెను" అనెను.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారి సాంప్రదాయ ఆలయ శిల్ప శిక్షణ సంస్థయందు రాతిశిల్పముతోపాటు లోహశిల్పమును నేర్పుచున్నారు. పదవ తరగతి ముగించి, ఓర్పును చేతినేర్పును గల బాలురకు ఇదియు నొక విద్యయే యని తల్లిదండ్రులు గ్రహింతురుగాక. నేర్చువారు లేకున్నచో, పగిలిన అచ్చువలెనే యీ విద్యయు మరల చేతికి రాదు.