తీగ లోపల కరెంటు ఎటు పోతోంది? వజ్రం చెప్పే లెక్క

తొలకరి పడితే చాలు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి మట్టిని గాలిస్తుంటారు. వాళ్లు వెతికేది వజ్రం. అది ఎంత స్వచ్ఛంగా ఉంటే ధర అంత పలుకుతుంది. ప్రయోగశాలల్లో మాత్రం లోపమున్న వజ్రానికే గిరాకీ. ఆ లోపం సాయంతోనే శాస్త్రవేత్తలు కరెంటు పారే దారిని బొమ్మగా గీస్తున్నారు.

కరెంటు కొలవడానికి మీటరు ఉందిగా, మళ్లీ బొమ్మ ఎందుకని అడగొచ్చు. ఎంత కరెంటు పోతోందో మీటరు చెబుతుంది. తీగలో ఏ పక్కగా పోతోందో, ఎక్కడ అడ్డు తగిలి పక్కకు తిరుగుతోందో చెప్పదు. ఇంటి వైరుకు ఆ వివరం అక్కర్లేదు. ఫోను లోపలి చిప్పుకు చాలా అవసరం. అక్కడి తీగల వెడల్పు పదుల నానోమీటర్లు, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. రాగిలో ఎలక్ట్రాన్ సగటున 40 నానోమీటర్లు పోయేసరికి దేన్నో ఒకదాన్ని ఢీకొంటుంది. తీగ వెడల్పు అంతకంటే తగ్గిపోతే ఎలక్ట్రాన్లు తీగ అంచులకే ఎక్కువగా తగులుతుంటాయి. నిరోధం పెరుగుతుంది, చిప్పు వేడెక్కుతుంది.

రాగికి బదులు ఏముందని వెతికినవాళ్ల దృష్టి గ్రాఫీన్ మీద పడింది. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ నుంచి ఒకే ఒక్క పొర తీస్తే అదే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రే గీమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ మామూలు అంటుకునే టేపుతో ఆ పొరను ఊడదీశారు. 2010లో వారికి నోబెల్ వచ్చింది. పొర మందం 0.335 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరు మందం రావాలంటే దాదాపు 30 లక్షల పొరలు పేర్చాలి. మలినాలు లేని గ్రాఫీన్‌లో, మామూలు గది వేడిమిలోనే, ఎలక్ట్రాన్ దేనికీ తగలకుండా 1,000 నానోమీటర్లకు పైగా పోగలదు. రాగితో పోలిస్తే ఇది 25 రెట్లు.

అంత పలచని పొరలో కరెంటును చూసేదెలా? దారి 1820లోనే దొరికింది. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుందని శాస్త్రవేత్త అర్‌స్టెడ్ అప్పుడే గమనించాడు. ఆ క్షేత్రాన్ని చోటు చోటునా కొలిస్తే, కరెంటు ఎటు పోతోందో లెక్కగట్టవచ్చు. తీగను తాకాల్సిన పనే లేదు.

చిక్కంతా ఆ క్షేత్రం ఎంత చిన్నదో అన్న దాంట్లో ఉంది. ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అందులో 40 వేలో వంతు ఒక మైక్రో ఆంపియరు. అంత కొద్ది కరెంటులోనూ సెకనుకు 6.24 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు దాటిపోతాయి. అయినా సన్నని తీగకు 100 నానోమీటర్ల దూరంలో దాని క్షేత్రం 2 మైక్రోటెస్లాలే. టెస్లా అయస్కాంత క్షేత్రానికి కొలమానం, మైక్రోటెస్లా అందులో పది లక్షలో వంతు. మన ప్రాంతంలో దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రం దాదాపు 40 మైక్రోటెస్లాలు, అంటే దీనికి 20 రెట్లు. పైగా తీగ నుంచి దూరం రెట్టింపైతే క్షేత్రం సగమవుతుంది. కాబట్టి కొలిచే పరికరం అతి చిన్నదై ఉండాలి, అతి దగ్గరగా వెళ్లగలగాలి.

ఇక్కడే వజ్రం పనికొచ్చింది. వజ్రమంతా కార్బన్. అందులో ఒక కార్బన్ పరమాణువు స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉంటే, ఆ జంటను ఎన్‌వీ కేంద్రం అంటారు. ఆకుపచ్చ లేజరు తగిలితే అది ఎర్రగా వెలుగుతుంది. సెకనుకు 287 కోట్ల సార్లు కంపించే మైక్రోవేవ్ పంపితే ఆ వెలుగు తగ్గుతుంది. పక్కన అయస్కాంత క్షేత్రం ఉంటే వెలుగు తగ్గే ఆ అంకె పక్కకు జరుగుతుంది, ఒక్కో మైక్రోటెస్లాకు దాదాపు 28 వేలు. మన 2 మైక్రోటెస్లాలకు 56 వేలు. 287 కోట్లలో 56 వేలంటే లక్షకు రెండు. ఆ కాస్త తేడాను పట్టుకోవడమే ఈ విద్యలో అసలు నైపుణ్యం.

మరి తుగ్గలిలో దొరికే వజ్రం దీనికి సరిపోతుందా? సాధారణంగా సరిపోదు. సహజ వజ్రాల్లోనూ నైట్రోజన్ ఉంటుంది కానీ, ఎక్కువగా గుంపులు కట్టి ఉంటుంది. కావలసింది ఖాళీ పక్కన ఒంటరిగా ఉన్న నైట్రోజన్. అందుకే వజ్రాన్ని ప్రయోగశాలలో పెంచి, నైట్రోజన్‌ను కావలసిన లోతులో చొప్పిస్తారు.

2017లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వారు ఇలాంటి వజ్రంతో గ్రాఫీన్ పట్టీలో కరెంటును బొమ్మ తీశారు. లోపాలున్న చోట కరెంటు చుట్టు తిరిగి పోవడం అందులో కనిపించింది. ఒకే మీటరు రీడింగు ఇచ్చే రెండు పట్టీల్లో ఒకటి బాగుండి, రెండోది చిరుగుతో ఉండవచ్చు. ఆ తేడా ఇలా చూస్తేనే తేలుతుంది.

తరువాత కనిపించింది మరీ విశేషం. ఎల్లెల్సీ సాగునీటి కాలువను గట్టు మీద నిలబడి చూడండి. నీళ్లు నడుమ వడిగా, గట్ల వెంట నెమ్మదిగా పోతాయి. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు మలినాలకు తగలడం తగ్గి, ఒకదానికొకటి తగలడం ఎక్కువైతే అవీ అలాగే పారాలని సిద్ధాంతం చెప్పింది. 2019లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ దీన్ని చూపింది. వారు వాడింది వజ్రం కాదు, కార్బన్ నానోగొట్టంతో చేసిన పరికరం. 2020లో హార్వర్డ్ పరిశోధకులు గది వేడిమిలోనే వజ్రంతో అదే చూశారు. 2024లో జూరిక్‌లోని ఈటీహెచ్ బృందం మైక్రోమీటరు, అంటే 1,000 నానోమీటర్ల వెడల్పున్న గ్రాఫీన్ పట్టీకి గుండ్రని బిళ్లలు కలిపింది. 1.2 మైక్రోమీటర్ల చిన్న బిళ్లలో కరెంటు సుడి తిరిగి వెనక్కి పారింది. 3 మైక్రోమీటర్ల బిళ్లలో సుడి లేదు.

అయితే కాలేజీలో నేర్చిన ఓం సూత్రం తప్పా? తప్పు కాదు. ఎలక్ట్రాన్లు అడుగడుగునా ఏదో ఒకదానికి తగులుతూ పోయే మామూలు తీగలకు అది సరిగ్గా వర్తిస్తుంది. కొలత బాగా చిన్నదై, పదార్థం బాగా శుభ్రమైతే మాత్రం దానికి హద్దు వస్తుంది. 1853 నాటి వీడెమన్–ఫ్రాంజ్ సూత్రానిదీ ఇదే కథ. కరెంటును బాగా మోసే లోహం వేడినీ అదే నిష్పత్తిలో మోస్తుందని ఆ సూత్రం. 2025లో బెంగళూరు ఐఐఎస్‌సీలో అరిందమ్ ఘోష్ బృందం, జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి, అతి శుభ్రమైన గ్రాఫీన్‌లో అది 200 రెట్లకు పైగా తప్పిందని చూపింది.

వజ్రపు సూక్ష్మదర్శిని పనీ మన దేశంలో సాగుతోంది. చిప్పుల లోపలి కరెంటును చూసే పరికరం కోసం ఐఐటీ బొంబాయిలో కస్తూరి సాహా బృందం, టీసీఎస్ చేతులు కలిపినట్టు 2024లో ప్రకటించాయి.

ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలకు ఒక మాట. బీఎస్సీ తరువాత జామ్ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీకీ, ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకీ దారి ఉంది. ఈ ప్రయోగాలు చేసే గదుల్లోకి మీరూ వెళ్లవచ్చు. పరీక్ష వివరాలు రెండో సంవత్సరంలోనే తెలుసుకుని చదవడం మొదలుపెట్టండి.