మిర్చికీ రాయికీ ఒకే ట్రైలర్

గుంటూరు మిర్చి యార్డు జోరు మీదుండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో బండికి కిరాయి వెతుక్కోనక్కర్లేదు. మే వస్తే యార్డుకు వేసవి సెలవులు. పత్తి అక్టోబరులో మొదలై సంక్రాంతి దాటాక పలచబడుతుంది. ఫైనాన్సు కిస్తీకి మాత్రం ఏ నెలా సెలవు లేదు. సొంత బండిని తానే తోలుకునే మనిషి ఒక్క సీజనుకే పనికొచ్చే ట్రైలర్ కొంటే, మిగతా నెలలు అప్పు కట్టేది ఎక్కడి నుంచి?

అక్కడే గ్రానైట్ ఆదుకుంటుంది. ఒంగోలుకు పడమట చీమకుర్తిలో నల్ల గెలాక్సీ, బల్లికురవ వైపు బూడిద రంగు రాయి. వానల్లో నెమ్మదించినా రాయి రవాణా ఆగదు. కానీ మిర్చికీ రాయికీ పొంతనే లేదు. మిర్చి టిక్కీ (బస్తా) బరువు 40, 45 కిలోలు. ఎత్తు నిండుతుంది గానీ బరువు నిండదు. పత్తి బేలు 170 కిలోలు, నూరు బేళ్లు వేసినా 17 టన్నులే. గెలాక్సీ రాయి ఘనపు మీటరే 3 టన్నులకు దగ్గర. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, అంతే ఎత్తున్న బ్లాకు ఒక్కటే 20 టన్నులు తూగుతుంది.

క్వారీలకు ప్రొక్లెయినర్లు చేరవేసే లోబెడ్ కిరాయి చూసి చాలామంది ఆశపడతారు. ఆ పని రోజూ దొరకదు. పైగా లోబెడ్ ముందు భాగంలో మెట్టు ఉంటుంది కాబట్టి బేళ్లు సర్దడం కష్టం, 40 అడుగుల కంటైనర్ కుదరదు. పక్క గోడలు బిగించేసిన ట్రైలర్ మిర్చికి బాగుంటుంది గానీ, క్రేనుతో బ్లాకు దించేటప్పుడు ఆ గోడలే దెబ్బ తింటాయి.

నా ఓటు 40 అడుగుల ఫ్లాట్‌బెడ్‌కే. కంటైనర్ బిగించే ట్విస్ట్ లాకులు ఉండాలి. పక్క కమ్మీలు గుచ్చి పీకేసేలా ఉండాలి. కమ్మీలు గుచ్చి పట్టా కప్పితే మిర్చి, పీకేస్తే రాయి, లాకులు వేస్తే చెన్నై పోర్టుకు ఎగుమతి కంటైనర్. రాయి దించిన బండిలో మిర్చి ఎక్కించేముందు ఫ్లోరు కడిగి ఆరబెట్టాలి. గ్రీజు మరక తగిలిన టిక్కీని ఏ వ్యాపారీ ఒప్పుకోడు.

ఇక బరువు. 2018 జూలైలో కేంద్రం 22 టైర్ల బండి మొత్తం బరువు పరిమితిని 49 నుంచి 55 టన్నులకు పెంచింది. పుల్లర్, ట్రైలర్ కలిపి ఖాళీగా 16 టన్నులుంటే, 20 టన్నుల బ్లాకులు రెండు ఎక్కించగానే 56. 2019 చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు, అదనపు సరుకు దించేయాలి కూడా. టిక్కీలైతే పాతిక దించొచ్చు, రాయిని కోసి దించలేం కదా! అదే ట్రైలర్‌ను హై టెన్సైల్ ఉక్కుతో చేసి టన్నున్నర తగ్గిస్తే బండి పరిమితిలోనే ఉంటుంది. తేలిక చేస్తామంటూ అడుగు దూలాలు పలచన చేసే తయారీదారుడి దగ్గర మాత్రం కొనొద్దు. బ్లాకు బరువంతా దుంగల మీద రెండు మూడు చోట్లే పడుతుంది, దూలం అక్కడే వంగుతుంది.

బేరం కుదిరి అడ్వాన్సు ఇచ్చాక కూడా, మిగతా డబ్బు కట్టేముందు ఖాళీ ట్రైలర్‌ను మీ ఊరి కాటా ఎక్కించి తూకం చూసుకోండి. కాగితం మీద రాసిన బరువును నమ్మొద్దు.