స్నూపీకి ఆపరేషనా? వేసిన మందులన్నీ చెప్పండి!

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామని స్నూపీని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తాం. "ఇంట్లో మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరుగారు అడిగితే "అబ్బే, ఏమీ లేవండీ" అనేస్తాం. మొన్న కుంటుతుంటే వేసిన నొప్పి మాత్ర, నిన్న గోమార్లకి పట్టించిన మందునీళ్ళు కూడా మందుల కిందే లెక్క అని మనకు తోచదు. మత్తు ఇచ్చేటప్పుడు ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చేవి ఇవే!

మత్తు అంటే ఒక్క సూది కాదు. ముందు నెమ్మదింపజేసే మందు, తర్వాత నిద్రపుచ్చే మందు, నొప్పి తెలియకుండా మరొకటి. వీటిలో చాలావరకు గుండె వేగాన్నో, రక్తపోటునో, ఊపిరినో తగ్గించేవే. అందుకే డాక్టరుగారు ఒకదాని బలం చూసి మరొకదాని మోతాదు తగ్గిస్తారు. ఆయనకు తెలియని మందు ఒంట్లో ఉంటే ఆ లెక్క తప్పుతుంది.

గోమార్ల మందు: అమిట్రాజ్ కలిపిన నీళ్ళతో ఒళ్ళు తడిపితే కొంత మందు లోపలికి చేరుతుంది. మత్తుకు ముందు ఇచ్చే జైలజీన్ పనిచేసే తీరూ ఇలాంటిదే. రెండూ కలిస్తే గుండె మరీ నెమ్మదించవచ్చు, మగత త్వరగా వీడకపోవచ్చు.

నొప్పి మాత్రలు: మెలాక్సికమ్, ప్రెడ్నిసలోన్ రెండూ పడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోయే ప్రమాదముంది. మత్తులో రక్తపోటు పడిపోతే, నొప్పి మాత్ర వల్ల మూత్రపిండాలకూ దెబ్బే. ఇక పిల్లికి పారాసెటమాల్ అసలే విషం.

మూర్ఛ మందు: ఫినోబార్బిటాల్ మత్తును మరింత పెంచుతుంది. అలాగని మనంతట మనం ఆపేస్తే ఫిట్స్ తిరగబెడతాయి.

గుండె మందు: ఎనలాప్రిల్ వాడే కుక్కకు మత్తులో రక్తపోటు బాగా పడిపోవచ్చు. ఆ ఉదయం మాత్ర వెయ్యాలో వద్దో ముందుగానే అడగండి.

అందుకని ఏ మందు, ఎంత, ఎప్పుడు వేశారో ఓ కాగితం మీద రాసుకోండి. మాత్రల అట్టలు, మందు సీసాలు సంచీలో వేసుకెళ్ళండి. ఎన్ని గంటల ముందునుంచి తిండి మానిపించాలో అడిగి, అలాగే చెయ్యండి. ఇంటికొచ్చాక మూలుగుతోందని జాలిపడి మన మాత్రలు వెయ్యకండి. ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి.

చెప్పకుండా మాత్ర వేశామని డాక్టరుగారు కోప్పడితే పడనివ్వండి. పాపం, స్నూపీకి నోరు లేదు కదా. దాని తరఫున చెప్పాల్సింది మనమే!