ఎముకలోంచి రక్తం కారితే ఎలా ఆపుతారు?

రక్తనాళం తెగితే దారంతో కట్టేస్తారు. మరి ఎముక కోస్తే? సన్న రంధ్రాలన్నిట్లోంచీ రక్తం ఊరుతుంది, కట్టడానికి ఏమీ దొరకదు. 1892లో విక్టర్ హార్స్‌లీ అనే బ్రిటిష్ సర్జన్ తేనెమైనం ముద్దతో ఆ రంధ్రాలు మూసే పద్ధతి చెప్పాడు. ఇప్పటికీ వాడతారు. కానీ ఆ మైనం ఒంట్లో కరగదు, ఎముక అతుక్కోవడానికి అడ్డం పడుతుంది.

ఇక్కడే బోన్ గ్రాఫ్ట్ గ్రాన్యూల్స్ పనికొస్తాయి. కాల్షియం ఫాస్ఫేట్ గుళికలు, నిండా రంధ్రాలే. మన పొందూరు ఖద్దరు తుండు చెమట పీల్చినట్టు రక్తాన్ని పీల్చుకుంటాయి. నింపి అదిమితే రక్తం వాటిలోనే గడ్డకడుతుంది. తర్వాత ఆ రంధ్రాల్లోకే కొత్త ఎముక పెరుగుతుంది. పెద్ద నాళం తెగితే మాత్రం ఇవి చాలవు, దాన్ని కట్టాల్సిందే.

గడ్డకట్టాల్సింది మన రక్తమే కదా! అందుకే ఇంట్లో ఎవరైనా రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే సర్జరీకి ముందే డాక్టర్‌కి చెప్పండి. సొంతంగా మాత్రం ఆపేయొద్దు.