గుట్ట కథను ఒగ్గు డోలు చెప్పాలి

భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్ట దగ్గర ఎవరిని కదిలించినా ముందుగా వచ్చేది భారత కథే. అరణ్యవాసంలో పాండవులు ఇక్కడే తలదాచుకున్నారని, ఆ గుహ అన్నదమ్ములదని, ఈ బండ తల్లి గొంతెమ్మదని చెబుతారు. ఈ ఇసుకరాతి గుట్టలు హిమాలయాల కంటే పాతవన్న సంగతి ఆ కథలోకి ఇంకా చేరలేదు. తెలంగాణలో జియో-హెరిటేజ్ స్థలంగా 2023లో ఈ గుట్టకు గుర్తింపు వచ్చిందన్న కబురు కూడా చాలా ఊళ్లకు అందలేదు.

అరుదైన రాళ్లతో పాటు అక్కడి జనం బతుకునూ పండుగలనూ చేతివృత్తులనూ కలిపి కాపాడుకునే ప్రాంతాన్ని జియోపార్క్ అంటున్నారు. యునెస్కో 2015లో ఈ పథకాన్ని తన కింద చేర్చుకుంది. 2025 ఏప్రిల్ నాటికి 50 దేశాల్లో 229 జియోపార్కులున్నాయి. ఆ జాబితాలో మన దేశానిది ఒక్కటీ లేదు.

2007లో జియోపార్క్ అయిన మలేసియాలోని లంకావి దీవి సంగతి మనకు బాగా పనికొస్తుంది. పెళ్లి విందులో ఇద్దరు రాక్షసులు కొట్లాడుకుని కొండలైపోయారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అందులో ఒకటైన మచించాంగ్ కొండ రాళ్ల వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే. రాక్షసుల కథ విన్న చెవులతోనే యాత్రికులు రాళ్ల వయసూ వింటారు. కథను కాదనాల్సిన అవసరం శాస్త్రానికి రాలేదు.

మన దగ్గర ఆ పని ఇంకా తేలిక. పాండవుల గుట్ట చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో కనిపిస్తాయి. రాతి చిత్రాల్లో ఎరుపు సాధారణంగా జాజు నుంచి వస్తుంది. జాజుకు ఆ రంగునిచ్చేది ఇనుము. మహబూబాబాద్ జిల్లా బయ్యారం పేరు చెప్పగానే గుర్తొచ్చేదీ ఇనుప ఖనిజమే. ఇక జనగామ పొరుగునే ఉన్న చేర్యాల నకాషీ పటం చూడండి. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు, చెట్టు జిగురు కలిపి పూత పూస్తేనే దాని మీద బొమ్మ నిలుస్తుంది. అంటే గుట్ట మీది బొమ్మకూ బట్ట మీది బొమ్మకూ సరుకు ఇచ్చింది నేలే. పిల్లలకు భూగర్భశాస్త్రం మొదటి పాఠం ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. పెంబర్తి ఇత్తడి రేకు పనికీ ఇదే మాట వర్తిస్తుంది, లోహం పుట్టేది ఖనిజంలోనే కదా.

బొమ్మ ఉంటే చాలదు, చెప్పే గొంతు కావాలి. కురుమల కులదైవం బీరప్ప కథను, మల్లన్న కథను డోలు, తాళాలతో రాత్రంతా నడిపించే ఒగ్గు కళకు జనగామ ప్రాంతం పెట్టింది పేరు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న చుక్క సత్తయ్య లింగాల ఘనపూర్ మండలం మాణిక్యపురం వారే. ఆయన 2017లో కన్నుమూశారు. ఒగ్గులో ప్రధాన కథకుడు చెబుతుంటే పక్కనుండే వంతగాడు అడ్డు తగిలి ప్రశ్నలు వేస్తాడు. శాస్త్ర విషయం చెప్పడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు. “ఈ బండ ఎప్పటిది?” అని వంతగాడు అడగాలి, కథకుడు కోట్ల ఏళ్ల లెక్క విప్పాలి.

చెప్పడానికి సరుక్కు కొదవ లేదు. గోదావరి-ప్రాణహిత లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకల ఆధారంగా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన పి.యాదగిరి 1988లో ఒక రాక్షసబల్లికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాదాపు 9 మీటర్ల పొడవుండే శాకాహారి అది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. తెలుగు ఊరి పేరు మోస్తున్న ఆ జీవి మీద ఒక్క పటమైనా, ఒక్క వీధి ప్రదర్శనైనా మన బడి పిల్లల ముందుకు రావాలి. గూడూరు మండలంలోని భీముని పాదం జలపాతానికి పోయేవాళ్లకు భీముడి అడుగు కథ తెలుసు. నీళ్లు ఆ రాతిని ఎట్లా కోశాయో కూడా చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

జిల్లా విద్యాశాఖలు, పర్యాటక శాఖ చేయగల పని చిన్నదే. ఒగ్గు బృందాన్నీ నకాషీ చిత్రకారులనూ ఒక భూగర్భశాస్త్రవేత్త పక్కన కూర్చోబెట్టి, పాండవుల గుట్టకు ఒక పటం, ఒక కథ రాయించాలి. కళాకారులకు తగిన పారితోషికం ఇవ్వాలి. గుట్ట చూడటానికి వెళ్లేవాళ్లు బొమ్మల మీద చేయి వేయవద్దు, బండల మీద పేర్లు చెక్కవద్దు. పిల్లలను వెంట తీసుకెళ్లండి, పాండవుల కథతో పాటు రాతి వయసూ చెప్పండి.