న్యాయాధిపతి పదోన్నతియు, నడుమనున్న వ్యాజ్యమును

న్యాయాధిపతికి పై పదవి సిద్ధమైనప్పుడు ఆయన సగము విన్న వ్యాజ్యము గతి యేమి? విన్నవాడే తీర్పు చెప్పవలెనా? విననివాడు కాగితములు చూచి చెప్పవచ్చునా? ఇది వకీళ్ల తర్కమని మన పాఠకులు త్రోసివేయరాదు. పంపకపు దావాకో, పొలముగట్టు తగవునకో రాజమహేంద్రవరము జిల్లాకోర్టు మెట్లెక్కిన గృహస్థులకు దీని భారము తెలియును.

చట్టమేమనుచున్నదో మొదట చూతము. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 18వ ఆర్డరు 15వ రూలును బట్టి, జడ్జి మరణించినను బదిలీయైనను, ఆయన నమోదుచేసిన సాక్ష్యమును గైకొని తరువాతివాడు విచారణ సాగింపవచ్చును. క్రిమినలు విచారణలలో 1973 నాటి కోడు 326వ సెక్షను ఇట్టి వెసులుబాటునే కల్పించినది. 1978 సవరణచే అది మేజిస్ట్రేట్లకేగాక జడ్జీలకును వర్తించెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహితయు 365వ సెక్షనున ఈ మార్గమునే అనుసరించినది. కావున జడ్జి వెడలినంతమాత్రమున వ్యాజ్యము మొదటికి రానక్కరలేదు.

అయినను సాక్ష్యమనగా అక్షరములు మాత్రమే కాదు. సాక్షి తడబాటు, వాని ముఖవైఖరి, ప్రశ్నకును జవాబునకును నడుమ మౌనము, ఇవి కాగితమున కెక్కవు. చూచినవాని కున్న వివేకము చదివినవానికి కలుగదు.

ఈ చిక్కు లక్నోలో స్పష్టముగా వెల్లడియైనది. బాబ్రీ మసీదు కూల్చివేత కేసు రెండేండ్లలో ముగియవలెననియు, అంతవరకు న్యాయాధిపతిని బదిలీ చేయరాదనియు సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 19న శాసించెను. విచారించుచున్న శ్రీ సురేంద్ర కుమార్ యాదవ్‌గారికి 2018లో జిల్లాజడ్జి పదవి లభించినను, ఈ నిషేధమును బట్టి అలహాబాదు హైకోర్టు దానిని నిలిపివేసెను. ఆయన సుప్రీంకోర్టునే ఆశ్రయింపవలసి వచ్చెను. 2019 సెప్టెంబరులో విరమింపవలసిన ఆయన పదవీకాలమును తీర్పువరకు పొడిగించిరి. 2020 సెప్టెంబరు 30న 32 మందిని నిర్దోషులని ఆయన తీర్పుచెప్పెను. ఆ తీర్పు మంచిచెడ్డలు ఇచట మా విషయము కాదు. విచారణ తెగకుండుట మేలే. కాని దాని మూల్యమును ఒక ఉద్యోగిచే చెల్లింపజేయుట న్యాయమా?

ఆలస్యమన్న నేమో మన సీమకు వేరొకరు నేర్పనక్కరలేదు. నాటి తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెమున 1996 డిసెంబరు 29న జరిగిన దళిత యువకుల శిరోముండనముపై విశాఖపట్టణపు ప్రత్యేక న్యాయస్థానము తీర్పుచెప్పునప్పటికి 2024 ఏప్రిల్ 16 వచ్చెను. ఇరువదియేడేండ్లు ఒక్క జడ్జియే ఆసనముపై నుండుట యెట్లు? విచారణ సాగినకొలది విన్నవాడు దూరమగును, విననివాడు తీర్పరియగును.

పై పదవికై వేచియున్నవాడు నిష్పక్షపాతి కాగలడా యని కొందరు శంకింతురు. రాజ్యాంగము 235వ అధికరణమున క్రింది న్యాయస్థానములపై అదుపును హైకోర్టున కప్పగించినది ఈ శంకకు తావుండరాదనియే. పాలించు చేయియు తీర్పుచెప్పు నోరును ఒక్కటి కారాదని మన జాతీయోద్యమము దశాబ్దములు ఘోషించుటయు ఇందుకే.

మా యభిప్రాయమిది. సాక్ష్యము ఆరంభదశలో నున్నయెడల జడ్జి వెళ్లవచ్చును. సాక్ష్యము ముగిసి వాదములు విన్నయెడల తీర్పు వెలువరింపకయే కదలరాదు. కదలినపిదప పాత న్యాయస్థానముపై ఆయన కధికారముండదు గనుక, గడువుతో కూడిన ఉత్తరువు ముందుగనే యుండవలెను. పదోన్నతిని మాత్రము ఆపరాదు. జీతమును, జ్యేష్ఠతయు ఆనాటినుండియే చెల్లవలెను. అమరావతి హైకోర్టువారు దీనిని వ్యక్తులను చూచి యిచ్చు అనుగ్రహముగా గాక, అందరికిని ఒక్క నియమముగా చేయుదురుగాక. కక్షిదారుడు కోరునది జడ్జి పదవి కాదు, తన మాట విన్న చెవినుండి తీర్పు.