బీజగణితం - మార్కుల త్రాసు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాడు కొన్ని ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "లెక్కలు పోయాయి." ఆ మాటతోనే అబ్బాయిని దుకాణంలో కూర్చోబెడతాం, అమ్మాయి చదువు మాన్పిస్తాం. ఆ నిర్ణయం తీసుకునే ముందు, ఆ లెక్కల పరీక్ష బిడ్డ నుంచి ఏమి కోరుతుందో మనలో ఎందరం తెలుసుకున్నాం?

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు ఇటీవలి సంవత్సరాలలో అనుసరిస్తూ వచ్చిన పద్ధతిని చూద్దాం. ఎంపీసీ విద్యార్థికి రెండేళ్లలో గణితం నాలుగు పత్రాలు, ఒక్కొక్కటి 75 మార్కులకు. బీజగణితం ప్రధానంగా 'ఏ' పత్రాలలో ఉంటుంది. మొదటి ఏడాది ప్రమేయాలు, గణితానుగమనం, మాత్రికలు, సదిశలు, వాటి వెంట త్రికోణమితి. రెండవ ఏడాది సంకీర్ణ సంఖ్యలు, సమీకరణ వాదం, ప్రస్తారాలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత మొదలైనవి.

పత్రం మూడు గంటలు, మూడు విభాగాలు. మొదటి విభాగంలో రెండేసి మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయవలసినవే. రెండవ దానిలో నాలుగేసి మార్కులవి ఏడింటిలో ఐదు, మూడవ దానిలో ఏడేసి మార్కులవి ఏడింటిలో ఐదు రాయాలి. ఉత్తీర్ణతకు 26 మార్కులు చాలు. మొదటి విభాగం పూర్తిగా సరిగ్గా రాస్తే 20. దానికి నాలుగు మార్కుల జవాబులు రెండు తోడైతే 28. అంటే వెనుకబడిన బిడ్డకు సైతం ఈ గడప దాటరానిది కాదు. పైగా చివరి జవాబు తప్పినా, సరిగా రాసిన సోపానాలకు మార్కులు దక్కుతాయి. కాబట్టి జవాబులు బట్టీ పట్టడం కన్నా, ప్రతి మెట్టునూ కాగితంపై పెట్టే అలవాటు మేలు.

రెండేళ్ల మొత్తం 1000 మార్కులలో గణితానిదే 300. మొత్తం 750, ఆపైన వస్తే 'ఏ' శ్రేణి. 600 నుంచి 'బీ', 500 నుంచి 'సీ', 350 నుంచి 'డీ'. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష ఉంది. మొదటి ఏడాది ఉత్తీర్ణులైనవారు మార్కులు పెంచుకోవడానికీ మళ్లీ రాయవచ్చు. అనుమానముంటే రుసుము చెల్లించి పునర్లెక్కింపు కోరవచ్చు. నియమాలు మారుతుంటాయి గనుక ఆ యేటి వివరాలు కళాశాలలో నిర్ధారించుకోవాలి.

ఈ శాస్త్రం మనకు పరాయిది కాదు. ఖలీఫా మామూన్ కాలంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అన్న మాట నుంచే 'ఆల్జీబ్రా' పుట్టింది. ఆ గ్రంథంలో పెద్ద భాగం వారసత్వ పంపకాల లెక్కలే. ఒక సోదరి భర్తను, ఒక కుమారుణ్ణి, ఒక కుమార్తెను విడిచి మరణించిందనుకుందాం. అప్పులు, వసీయతు తీర్చిన పిదప భర్తకు నాలుగో వంతు. కుమార్తె భాగం తెలియని రాశి. కుమారునిది దానికి రెండింతలు. ఆ రాశికి మూడు రెట్లు, నాలుగో వంతు కలిస్తే ఒకటి. రెండు వైపుల నుంచీ నాలుగో వంతు తీసివేస్తే మూడు రెట్లు ముప్పావు. అంటే కుమార్తెకు నాలుగో వంతు, కుమారునికి సగం. నిసా సూరాలోని ఆదేశాన్ని అమలు చేయడానికి సమీకరణం ఇలా తోడ్పడుతుంది. లెక్క తప్పితే ఒకరి హక్కు మరొకరి చేతికి పోతుంది.

అందుకే పరీక్షలో నకలు కొట్టడాన్ని చిన్న విషయంగా తీసుకోలేము. తూనికలో మోసం చేసేవారిని దివ్యఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. మార్కులు కూడా ఒక తూనికే. నిజాయితీగా వచ్చిన 30 మార్కులు, దొంగిలించిన 70 కన్నా ఆ ఇంటికి గౌరవం.

తల్లిదండ్రులుగా మనం చేయగలిగింది ఉంది. లెక్కలు మనకు రాకపోయినా, రోజూ ఇషా తరువాత అరగంట బిడ్డ దగ్గర కూర్చోగలం. నెలకొకసారి అధ్యాపకుణ్ణి కలిసి, ఏ అధ్యాయంలో తడబడుతున్నారో అడగగలం. ఒక్క పత్రం పోయిందని కుమార్తె పుస్తకాలు అటక ఎక్కించే ముందు, సప్లిమెంటరీ రుసుము గడువు ఎప్పటితో ముగుస్తుందో కనుక్కుందాం. బిడ్డలు మనకు అల్లాహ్ అప్పగించిన అమానతు. ఆ లెక్కను మనం కూడా అప్పజెప్పవలసి ఉంటుంది.